నోటి మాట, కంటి ఫొటో

మంగళవారం

రెండేండ్ల సంది అరికాళ్ళు మండుతున్నయని మొత్తుకుంటున్న. మా ఆయనేమో "పనంటేనే నీకు లేని నొప్పులొస్తయి" అనేటోడు.

ఇయ్యాల షుగర్‌కు కండ్ల పరీక్షకని ఉప్పల్ దవాఖానకు పోయినం. కాళ్ళ సంగతి విని డాక్టరమ్మ నల్లగుడ్డు మీది పొరను ఫొటో తీసి స్క్రీన్ మీద సూపిచ్చింది. నరాలు సన్నబడి, అక్కడక్కడ తెగినయి.

"షుగర్ నరాలను దెబ్బతీసిందమ్మా. కాళ్ళ మంట కూడా దానివల్లే అయ్యుంటది, కాళ్ళకూ పరీక్ష చేయిద్దాం" అన్నది.

మా ఆయన నా దిక్కు తిరిగి, "గింత బాధుంటే గట్టిగ చెప్పొద్దా?" అన్నడు.

ఇంకెంత గట్టిగ చెప్పాలె? ఏడ్చి చెప్పిన, తిట్టి చెప్పిన. నా నోటి మాట నమ్మనోడు నా కంటి ఫొటోను ఒక్క నిమిషంల నమ్మిండు.

బస్సుల లేచి నాకు సీటిచ్చిండు. కూసోలే. కాళ్ళు నిప్పులైనా నాచారం దాకా నిలబడే వచ్చిన.