బరువు దించుకునే రాయి

ఇంటి నుంచి,
ఆదివారం, పొద్దుగూకే వేళ.

చిరంజీవి బుల్లిని పిన్ని మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ మేం క్షేమం, మీ బాబాయి గురకతో సహా. అక్కడ నువ్వు, అల్లుడుగారు, కడుపులో ఉన్న గడుగ్గాయి ముగ్గురూ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. మీ ఇంటికి లిఫ్టు లేదనీ, నా మోకాళ్లతో మూడంతస్తులు ఎక్కలేననీ, పురుటికి ఆయాను పెట్టుకుంటామనీ రాశావు. చదివి ఒళ్లు మండిందే. మీ అమ్మ బతికుంటే తనే వచ్చేది. లేదు గనక ఆ హక్కు నాది. ఏళ్ల తరబడి కుట్టుమిషను తొక్కిన కాళ్లివి, నీ మెట్లకు లొంగుతాయా?

నీకు రుజువు చూపిద్దామనే నిన్న దుకాణం కట్టేసి, మీ బాబాయిని వెంటేసుకుని కొండకు బయల్దేరాను. సిటీ బస్సు ఆఖరి స్టాపులో దిగితే పాత వర్తకుల బాట ఉంది. దొరల కాలంలో రేవులో దిగిన ఉప్పు, గుడ్డల తానులు పైకీ, కొండమీది మిరియాలు, మైనం కిందికీ ఈ బాటనే మోసేవారట. ఓడలు దొరలవి, మెడలు కూలీలవి. రైలు పడ్డాక సరుకు మోసేవాళ్లు దీని మొహం చూడలేదు, ఇప్పుడు షికారుకొచ్చేవాళ్లే. రాళ్లు మాత్రం నున్నగా అరిగి అలాగే ఉన్నాయి. మీ బాబాయి కండక్టరు ఉద్యోగం వదిలినా ఆ ఉద్యోగం ఆయన్ని వదల్లేదు కదా, మలుపు మలుపుకూ రైట్ రైట్ అనడమే. వెనకొచ్చేవాళ్లను ముందుకు జరగమన్నారు. పాపం, ఒకావిడ నిజంగానే జరిగింది.

కాసేపటికే నాకు ఆయాసం ముంచుకొచ్చింది. అక్కడ రెండు నిలువు రాళ్ల మీద ఒక అడ్డరాయి కనిపించింది. కూర్చుందామని చూస్తే నా భుజమెత్తు ఉంది. ఈ అరుగు రాక్షసులకా అని విసుక్కున్నాను. మీ బాబాయి పక్కనున్న బోర్డు చదివి, ఇది కూర్చోడానికి కాదన్నారు. మూటతో కూలబడ్డవాడు ఒంటరిగా మళ్లీ ఎత్తుకోలేడట. అందుకని నిలబడే మూటను రాతిమీదికి జరిపి, ఊపిరి తీసుకుని, మళ్లీ తలకెత్తుకునేవారట. ఇంకొకరు సాయం పట్టక్కర్లేదు. చూసుకుంటే నా మెడలో టేపు అలాగే ఉండిపోయింది. ఊరుకుంటానా, కొలిచాను. ఏ దర్జీ కొలత తీశాడో గానీ నాకు అతికినట్టు సరిపోయింది.

సంచీ దానిమీద పెట్టి నిలబడితే ప్రాణం లేచొచ్చింది. నీ మీద కోపం కూడా కాస్త దిగింది. ప్రేమకొద్దీ వద్దన్నావని తెలుసు. కానీ బుల్లీ, నా బరువు నన్ను మోయనివ్వకపోతే నాకు ఏడుపొస్తుంది.

అలా ఆగుతూ ఆగుతూ కొండ కొసకంటా ఎక్కేశాను. పైనుంచి నగరమంతా కనిపించింది. రేవులో ఓడలు డిపోలో బస్సుల్లా వరసగా నిలబడ్డాయి. ఇక నీ మూడంతస్తులు నాకో లెక్కా?

ఆయాకు వద్దని చెప్పు. గడుగ్గాయికి చొక్కాలు కుట్టేశాను. మెత్తటి పాతగుడ్డలే, ఒంటికి గుచ్చుకోకుండా కుట్లు పైకి పెట్టాను. తిరగేసి కుట్టిందని నవ్వకు.

ఇట్లు,
నీ మాట వినని
పిన్ని

తా.క.: పైదంతా ఇంట్లో రాసింది. ఈ ముక్క మీ మెట్ల మీద నిలబడి రాస్తున్నాను. కడుపుతో ఉన్నదానికి అబద్ధం చెప్పకూడదు. కొండ కొసకు ఎక్కింది మీ బాబాయి ఒక్కరే. నేను ఆ రాయి దగ్గరే ఆగిపోయాను. ఓడలు బస్సుల్లా ఉన్నాయంటే అది ఎవరి మాటో నువ్వు పట్టేసే ఉంటావు. కానీ నీ మెట్లు మాత్రం నేనే ఎక్కాను. మలుపు మలుపుకూ కిటికీ గట్టు ఉందే మీ మేడకు, నా భుజమెత్తున. సంచీ దానిమీద పెట్టుకుంటూ, ఊపిరి తీసుకుంటూ వచ్చేశాను. బెల్లు కొడితే ఉలిక్కిపడి పరుగెత్తుకొస్తావని ఇది తలుపు కిందనుంచి తోస్తున్నాను. నెమ్మదిగా లేచి వచ్చి తియ్యి. నాకేం తొందర లేదు, నిలబడే ఉన్నాను.