గుండె స్కానులో దొరికిన మచ్చ

తమ్ముడా, ప్రభువు కృప నీకు తోడుండాలి.

గుండె స్కాను యంత్రంలో పడుకుంటే తెల్లని మేఘంలో తేలుతున్నట్టుంది. ఎక్కడినుంచో ఒక స్వరం “ఊపిరి బిగపట్టండి” అంది. “చిత్తం ప్రభువా!” అని కేకవేశాను.

“ప్రభువు కాదు పెద్దాయనా, నేనే! మాట్లాడితే బొమ్మ చెదిరిపోతుంది” అంది స్కాను తీసే అమ్మాయి.

గుండె భేషుగ్గా ఉందట. పక్కన ఊపిరితిత్తిలో మచ్చ కనబడింది. ముక్క తీసి చూస్తే క్యాన్సరే. చిన్నగా ఉండగానే దొరికింది కాబట్టి కోసి తీసేస్తామన్నారు.

సిగరెట్టు కాలుస్తావని నిన్ను ప్రార్థన మందిరంలోంచి గెంటేశాను. పొగ ముట్టని నాకే ఇది వచ్చింది. గ్రంథమంతా వెతికాను, నిన్ను గెంటమన్న మాట దొరకలేదు.

నువ్వూ ఊపిరితిత్తులు చూపించుకోరా. ఒంటరిగా వెళ్లడానికి భయమైతే సోమవారం నాతో రా, ఆ రోజే నా ఆపరేషను. నిజం చెప్పాలంటే, భయం నాకే.

నీ అన్న