చివరి మాటకు ముందు మాట

12 నవంబర్ 1998, గురువారం

పొద్దున పనికి పోతూ పదో తరగతి యాదమ్మ వాళ్ళ నాన్న బడికి వచ్చాడు. మాదాపూర్‌లో కడుతున్న ఆ అద్దాల బిల్డింగులో తాపీ పని ఆయనకు. చేతుల పగుళ్ళలో నిన్నటి సిమెంటు అలాగే ఉంది. "టీచరమ్మా, మా బిడ్డకు ఇంగ్లీషు మంచిగొస్తున్నదా? పెద్దగైనంక గా బిల్డింగులనే నౌకరి జెయ్యాలె," అన్నాడు. బాగా చదువుతోందన్నాను. అబద్ధం చెబుతున్నానని అనుకోలేదు.

తర్వాత పదో తరగతిలో ఇంగ్లీషు విశేషణాలు. ప్రతి ఏడూ గైడులోని పది వాక్యాలే చేయిస్తాను, 'షి ఈజ్ ఎ గుడ్ గర్ల్' లాంటివి. అన్నిటిలోనూ చివరి మాటకు ముందున్నదే విశేషణం. దాని కింద గీత గీస్తే మార్కు పడుతుంది. ఆ కిటుకు నేర్పింది నేనే. ఇవాళ ఆయన మాటే మనసులో మెదులుతుంటే, "ద బిల్డింగ్ ఈజ్ టాల్" అని సొంతంగా ఒక వాక్యం బోర్డు మీద రాశాను. నలభై మందీ 'టాల్'ను వదిలేసి 'ఈజ్' కింద గీత గీశారు. యాదమ్మ అందరికంటే ముందు, స్కేలు పెట్టి మరీ గీసింది.

"టాల్ అంటే అర్థమేంటే?" అని కసిరాను.

"తెల్వదు టీచర్. మీరు గట్లనే గీయమన్నరు గద?"

పబ్లిక్ పరీక్షలకు నాలుగు నెలలు. మొదటినుంచీ చెబుదామంటే ఆ మొదలు ఎక్కడో నాకూ తెలియదు. నన్నూ ఇలాగే గైడుతోనే గట్టెక్కించారు.

బోర్డు తుడిచేసి గైడులోని మొదటి వాక్యం రాశాను. అందరూ సరిగ్గా గీశారు. యాదమ్మ నోట్సులో 'వెరీ గుడ్' అని రాసి సంతకం పెట్టాను.

ఈపాటికి వాళ్ళ నాన్నకు చూపించే ఉంటుంది.