రేకుల ఇంటి పన్ను

కర్నూలు, మంగళవారం రాత్రి

మురుగు కాలువ బాగుచేయమని అడగడానికి పక్కనే రేకుల ఇంట్లో ఉండే ఖాసింబీతో కలిసి ఉదయం వార్డు సచివాలయానికి వెళ్లాను. "పన్ను కడ్తాండాం కదా, మాకీ కర్మేంది?" అని గట్టిగా అరిచింది నేనే.

అక్కడి అమ్మాయి కంప్యూటర్‌లో చూసింది. "మీదీ రేకుల ఇల్లనే ఉండాది మేడమ్. ఖాసింబీదీ, మీదీ ఒకే పన్ను," అంది.

మాది రెండంతస్తుల మేడ. కట్టినప్పుడు మా ఆయన ఎవరినో పట్టుకుని అలా రాయించారు. తల ఎత్తలేకపోయాను.

తిరిగి వస్తూ ఖాసింబీ నా చేయి పట్టుకుంది. "పోనీలే అక్కా, కాలువ బాగైతే ఇద్దరికీ మంచిదే," అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చి, మేడ అని సరిగ్గా రాయిద్దామంటే మా ఆయన నవ్వారు. "ఊర్లో శానామంది ఇట్లే చేస్తాండారు. నీకొక్కదానికే ఎందుకీ బాధ?"

ఆయన్ని ఏమనను? ఇన్నేళ్లూ ఆ పన్ను రసీదులు చూసి, మడిచి, బీరువాలో దాచింది నేనే. రేపు ఒక్కదాన్నే వెళ్లి చెప్పాలి. వెళ్తానో లేదో...