గొడుగు కథకు ముగింపు చేర్చకూడదు

ఈ ఉదయం ఆసుపత్రి ఫారంలో వృత్తి అన్న గడి దగ్గర గుమస్తా నన్నడక్కుండానే "గృహిణి" అని రాశాడు. అతని కలం కొన మీద పంటిగాట్లు ఉన్నాయి. అదే కలం అడిగి తీసుకుని, ఆ మాట కొట్టేసి, "కథకురాలు" అని రాశాను. ఒక్క అక్షరం తప్పు పోలేదు. కాబట్టి నా బుద్ధి స్థిమితంగా ఉందనీ, రేపటి గుండె ఆపరేషన్ తర్వాత నేను లేవని పక్షంలో అమలు కావడానికి, ఎవరి ఒత్తిడీ లేకుండా, కాన్వెంటు సిస్టర్లు దిద్దించిన గుండ్రటి అక్షరాలతో ఈ వీలునామా స్వయంగా రాస్తున్నాననీ ప్రకటిస్తున్నాను.

1. దీని అమలు బాధ్యత మందుల దుకాణం నడిపే మా అన్నయ్యది. అన్నయ్యా, నీకు కథలు రుచించవు. మాట మీద నిలబడడం మాత్రం వచ్చు. అందుకే నువ్వు.

2. నేను ప్రూఫులు దిద్దే వారపత్రికలో అచ్చయిన నా ముప్పై ఒక్క కథలూ, వాటి హక్కులూ పిన్నికి. తప్పిపోయిన కవలలు, తారుమారైన ఉత్తరాలు, చివరి పేరాలో దొరికిపోయే హంతకులు. వాటికి నేను సిగ్గుపడను. టైఫాయిడ్‌లో పిన్ని మందు మింగింది వాటి కోసమే: "ఆ తర్వాతేమైందో చెప్పి చావవే!"

3. "గొడుగు" కథ ఆ ముప్పై ఒకటిలో చేరదు. రైలు టికెట్లు ఇచ్చే ఒకామె, ఎవరో మరిచిపోయిన గొడుగును ఏడాది దాచి, ఒక వానరోజు తనే వేసుకుని ఇంటికి వెళుతుంది. ఇరుకు గదిలో దాన్ని తెరిచి ఆరబెడుతుంది. మంచం దాకా వెళ్లే దారి ఉండదు. తలుపు దగ్గరే నిలబడుతుంది. ఆ తర్వాత నేను ఇంకో పదిహేను వాక్యాలు రాశాను. ఎవరో తలుపు తడతారు. గొడుగు తనదంటారు. చూస్తే చిన్నప్పుడు తప్పిపోయిన అక్క.

ఆ కథ అచ్చుకెళ్లిన వారం నేను సెలవులో ఉన్నాను. సబ్బు ప్రకటన ఆలస్యంగా వచ్చింది. చోటు చాలకపోతే కథను అడుగు నుంచి కోయడం మా దగ్గర అలవాటు. పేజీలు పేర్చే అన్న ఆ పదిహేను వాక్యాలూ కోసేశాడు. "తోకే కదా చెల్లెమ్మా, ప్రాణం పోలేదుగా?" అన్నాడు. రెండు రోజులు అతనితో మాట్లాడలేదు.

మూడో రోజు ఉత్తరాలు వచ్చాయి. ఒకాయన "గొడుగెవరిదో చెప్పకుండా ఎగ్గొడతారా?" అని తిట్టాడు. బట్టలు కుట్టే ఒకావిడ మాత్రం ఇలా రాసింది: "నేనూ అట్లాగే నిలబడ్డానమ్మా. ఎవరికీ చెప్పలేదు. మీకెలా తెలిసింది?"

నాకు తెలియదు. అక్కను లోపలికి తెచ్చే తొందరలో, ఆమె నిలబడ్డ సంగతి నేనే గమనించలేదు. ముప్పై ఒక్క కథల్లో పాఠకుల ప్రశ్నకు జవాబిచ్చాను. ఈ ఒక్కదాంట్లో ఒక మనిషిని ఆమె గదిలో ఉండనిచ్చాను, అదీ కత్తెర పుణ్యమా అని. తేడా ఇంతే. ఇంతకన్నా పెద్ద మాటలతో ఎవరైనా ముందుమాట రాస్తే తీసేయాలి.

మా సంపాదకుడు ఏ కథ చూసినా "మలుపేదమ్మా?" అంటారు. చాటుగా ఆయన్ని మలుపుగారంటాం. మరుసటి వారం ఆయన "చింతిస్తున్నాం" అంటూ ఆ పదిహేను వాక్యాలూ అచ్చేశారు. ఉత్తరాలు ఆగిపోయాయి. ఇప్పుడు నా కథలను పుస్తకంగా తెస్తామన్న ప్రచురణకర్త కూడా అక్క వస్తేనే వేస్తామంటున్నారు.

కాబట్టి ఆదేశిస్తున్నాను: ఈ కథ తలుపు దగ్గరే ఆగాలి. వాళ్లు ఒప్పుకోకపోతే పుస్తకమే వద్దు. "పోయిన పిల్ల పేరైనా నిలబడుతుంది కదరా" అని పిన్ని ఏడ్చినా సరే, అన్నయ్యా, కరగొద్దు.

4. ఆ పదిహేను వాక్యాల రాతప్రతి మలుపుగారికి. ఇంట్లో, మనసులో చదువుకోవచ్చు.

5. మెత్త ఉన్న నా కుర్చీ పేజీలు పేర్చే అన్నకు. నడుము నొప్పని ఎప్పుడూ చెప్పడు. బల్ల పట్టుకుని లేస్తాడు.

6. "గొడుగు" కథ హక్కు బట్టలు కుట్టే ఆవిడకు. బిడియపడి ఆమెకు జవాబు రాయలేదు. చిరునామా నా నిఘంటువులో ఉంది. అడిగినదానికి నా దగ్గర సమాధానం లేదనీ, కథ ఆమెనే ఉంచుకోమన్నాననీ అన్నయ్య స్వయంగా వెళ్లి చెప్పాలి.

2019 జూలై 12, శుక్రవారం, ఆసుపత్రి రెండో అంతస్తు.

(సంతకం) ఇంట్లో బుజ్జి, పత్రికలో ప్రూఫులమ్మాయి

సాక్షులు: వార్డు నర్సు, పక్క మంచం మీది లెక్కల టీచరు.

టీచరుగారు చదివి, "వయసు రాయలేదేంటమ్మా, అది లేకపోతే ఎలా?" అన్నారు. ఇరవై ఆరు.