నా పెట్టెకని ఉంచుకున్న చెట్టు

చున్యాన్ తల్లీ, నేను బతికే ఉన్నాను, కంగారు పడకు. ఇసుకకు అడ్డంగా ముప్ఫై ఏళ్ళు నేను నాటిన పోప్లార్ చెట్లన్నీ నిన్నటితో నరికేశాం. "మామా, నీ చెట్లే మన బావి తాగేశాయి" అన్నాడు ఊరిపెద్ద దువాన్. "నాటినందుకు నా చొక్కాకి ఎర్రపువ్వు గుచ్చి సన్మానించింది మీ నాన్నేరా!" అన్నాను. అయినా ఎండిన బావిలోకి తొంగిచూసి, గొడ్డలి నేనే పట్టాను. నా శవపెట్టెకని ఉంచుకున్న చెట్టు కూడా పురుగు తొలిచిన డొల్లే.

అల్లుడి దగ్గు తగ్గిందా? నాకు వేరే పెట్టె కొంటామన్న మాట ఎత్తకండి. ఇసుక మీ అమ్మ సమాధి దాకా వచ్చింది. చుట్టూ తక్కువ నీళ్ళతో బతికే ఎడారి పొదలు నాటాలి, నాకు నడుము వంగడం లేదు. చింగ్‌మింగ్ పెద్దల పండగకి సమాధి దగ్గర కాల్చే కాగితాలు మరిచిపోయినా సరే, రెండు పారలు తీసుకుని రా. పిల్లలకు దీవెనలు.

మీ నాన్న