ఖాళీ గుంటలకు మేత

మార్చి 2, ఆదివారం, ఉదయం 7

లోకమంతా దుప్పటి కప్పుకుని పడుకున్న వేళ నేను ల్యాబ్‌లో ఉన్నానని చరిత్రలో నమోదు కావాలి. ఎముక కణాలకు ఆదివారాలు తెలియవు. మూడు రోజులకోసారి పాత మీడియా, అంటే వాటి మేత, తీసి కొత్తది పోయాలి, లేకపోతే అలిగి చచ్చిపోతాయి. ప్లేట్‌లో ఇరవై నాలుగు గుంటలు, ఒక్కోటి కోటు బొత్తాం అంత. సగం గుంటలకు మామూలు మేత. మిగతా సగానికి మేతతో పాటు మా పౌడర్. వాపు తగ్గించే పదార్థం అది. వాపు రేపే గొడవ సద్దుమణిగితే ఎముక కణాలు తమ పని తాము చూసుకుంటాయని మేడమ్ నమ్మకం. మేడమ్ అంటే నా గైడ్. ఆవిడ నమ్మకం మీద నా పీహెచ్‌డీ నడుస్తోంది. అక్కా బావల ఓపిక మీద నేను నడుస్తున్నాను. ఉండేది వాళ్ళింట్లోనే.

మార్చి 5

ఇరవై ఒకటో రోజు. రంగు వేశాం. కాల్షియం పేరుకున్న చోటల్లా ఎర్రగా పట్టే రంగు. పౌడర్ వేసిన పన్నెండూ పండు మిరపకాయలే. మామూలువి లేత గులాబీ. మేడమ్ నవ్వారు. మూడేళ్ళలో ఇది రెండోసారి. మొదటిసారి ఐడీ కార్డు ఫొటో కోసం.

సాయంత్రం ఇంట్లో ఫోన్‌లో ఫొటో చూపించి ఉపన్యాసం దంచాను. బావ పెయింటర్. నాలుగు నెలల క్రితం నిచ్చెన మీంచి పడితే మోకాలి కింద ఎముక విరిగింది. ఇంకా అతుక్కోలేదు. పన్నెండో తారీకున ఆపరేషన్. ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి చేసి చూశాడు. ఇదంతా ఎముకేనా బామ్మర్దీ అన్నాడు. నిఖార్సైన ఎముక బావా అన్నాను.

ఎందుకన్నాను?

మార్చి 6

బావ ఆపరేషన్ వాయిదా వేయించాడు.

మార్చి 8

చెప్పి చూశాను. ఇది ప్లేట్‌లో ముచ్చట బావా, మనిషి దాకా రావాలంటే పదేళ్ళు పడుతుంది, అసలు రాకపోవచ్చు కూడా అన్నాను. ఇంట్లోవాడివి, నీకు పదేళ్ళెందుకురా, ఓ పొట్లం కట్టి తెస్తే ఎవడడుగుతాడు అన్నాడు. తేను గాక తేను అన్నాను. ఆ కణాలకైతే ఆదివారం కూడా వెళ్ళి తినిపిస్తావు, బావకేమో రూల్సు అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆపరేషన్ మాటెత్తితే మాత్రం అతని ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడుతుంది. అక్క నా వైపే చూస్తూ, నువ్వు ఎముక అన్నావా లేదా అంది.

అన్నాను.

మార్చి 11

బావ కాలు స్టూలు మీద పెట్టుకుని మళ్ళీ ఆ ఫొటోయే చూస్తున్నాడు. ఉన్నట్టుండి, ఏమీ లేని గుంటలో కూడా ఆ పౌడర్ పోసి చూశావా అని అడిగాడు. కొత్త రంగొస్తే మేం ముందు ఖాళీ చెక్క మీద పూస్తాం, ఎంత రంగు వల్లో, ఎంత గోడ వల్లో తెలియాలి కదా అన్నాడు.

పెద్దగా నవ్వాను. చూడకుండా ఉంటామా బావా అన్నాను.

చూడలేదు. మూడేళ్ళలో నాకూ తట్టలేదు, మేడమ్‌కూ తట్టలేదు. పౌడరే కాల్షియాన్ని పట్టుకుని అడుక్కి దిగుతుంటే? కణాలు లేకపోయినా ఎరుపే.

మార్చి 12

కణాలు లేని ప్లేట్ మొదలుపెట్టాను. అదే మీడియా, అదే పౌడర్, అవే ఇరవై ఒక్క రోజులు. అంతా పద్ధతి ప్రకారం. తినేవాళ్ళే లేరు.

మార్చి 18

ఖాళీ గుంటలకు రెండో మేత. మైక్రోస్కోప్‌లో చూస్తే అడుగున సన్నటి ఇసుకలా పేరుకుంది, కాల్షియమే. ఇవాళే ఇంట్లో చెప్పేయొచ్చు. ఇరవై ఒకటి దాకా ఆగుదాం, సైన్స్ అంటే ఓపిక అని నాకు నేనే గంభీరంగా చెప్పుకున్నాను. పిరికితనానికి ఇంత మంచి పేరు మళ్ళీ దొరకదు.

మార్చి 24

బావ చంకకర్ర వదిలేసి వంటగది దాకా నడిచాడు. అతుక్కుంటోందిరా అన్నాడు. తల ఊపాను.

మార్చి 30, ఆదివారం

మేత. ఒళ్ళు హూనమైంది. చేసిన పనేమో గాలికి అన్నం పెట్టడం.

ఏప్రిల్ 2

ఎరుపు.

మేడమ్‌కు చూపించాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. ఎరుపు అలాగే ఉంది. తిడతారనుకున్నాను. ఖాళీ గుంటల ఎరుపు తీసేస్తే ఎంత మిగులుతుంది అన్నారు. తీసేశాను. పిసరంత మిగిలింది. వాపు తగ్గడం నిజమే, కణాలు కాస్త ఎక్కువగా పెరగడమూ నిజమే. ఉన్నంతే రాయి, కాన్ఫరెన్స్‌కి పంపిన పేపర్‌ని నేను వెనక్కి తీసుకుంటాను అన్నారు. ఈ ప్రశ్న ఎవరికి తట్టింది అని కూడా అడిగారు. మా బావకు, పెయింటర్ అన్నాను. నీ బదులు ఆయన్ని చేర్చుకోవాల్సింది అన్నారు.

సాయంత్రం

రెండు ప్లేట్ల ఫొటోలూ బావ ముందు పెట్టాను. దీంట్లో కణాలున్నాయి, దీంట్లో ఏమీ లేవు, రెండూ ఎర్రగానే ఉన్నాయి, చూసుకోకుండా వాగాను అన్నాను. రెండు వారాల కిందటే తెలుసని కూడా చెప్పేశాను. బావ రెండు ఫొటోలనీ వేళ్ళతో పెద్దవి చేసి చూశాడు. అయితే నేను ఆ రోజు నడిచింది... అన్నాడు.

అక్క లేచి ఆస్పత్రి ఫైలు తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది.

ఏప్రిల్ 8

డాక్టర్ ఎక్స్‌రేని వెలుతురుకు పట్టి, ఇన్నాళ్ళూ ఏం చేశారండీ అన్నాడు. ఎముక చివర్లు అరిగి నున్నబడ్డాయట. అప్పుడే వస్తే చిన్న పనితో పోయేదట. ఇప్పుడు తుంటి నుంచి ఎముక చెక్కి తెచ్చి అతకాలట. మా బామ్మర్ది సైంటిస్టండీ, వాడి మాట కోసం ఆగాం అన్నాడు బావ. అందులో వెటకారం వెతికాను. దొరకలేదు.

అక్క ఆరు రోజులుగా కంచం నా ముందు పెట్టి వెళ్ళిపోతోంది. తిట్టినా బాగుండు.

ఏప్రిల్ 15, మధ్యాహ్నం

ఆపరేషన్ గది బయట ఒకటే బల్ల. బావను లోపలికి తీసుకెళ్ళి మూడు గంటలయింది. అక్క వచ్చి నా ముందు నిలబడి, పక్కకి జరగరా అంది.

జరిగాను.